ఆరుగురు పట్టే ఇల్లు, ఇద్దరు పట్టే గది

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల జనానికి సెలవులు గడపడం నేర్పింది నేనే. నాకంటే ముందు ఈ రెండు జిల్లాల్లో ఎవరైనా ఊరు దాటారంటే దేవుడి దగ్గరికో, దవాఖానకో, పెండ్లికో అయి ఉండేది. ఏ పనీ లేకుండా పోయి, నాలుగు రోజులు హాయిగా ఉండి, తిరిగి రావచ్చని వాళ్ళకు మొదట చెప్పిన మనిషిని నేను.

సరే, కొంచెం తగ్గిస్తాను. చెప్పినవాళ్ళలో ఒకణ్ణి. ఇంకొంచెం తగ్గించమంటే, చెప్పమని జీతమిస్తే చెప్పినవాణ్ణి. నేను నోరు తెరిస్తే చాలు, మా ఆవిడ చేటలో పోసి చెరగడం మొదలుపెడుతుంది. మీకా శ్రమ లేకుండా ఈసారి చెరుగుడు కూడా నేనే చేస్తాను.

ఇవాళ మీరు ఫోన్ మీద వేలితో రుద్ది గది తీసుకుంటున్నారు. రిసార్టు మంచిదా, హోటల్ మంచిదా అని ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు రాసింది చదివి తేల్చుకుంటున్నారు. తొంభైల నడుమ ఆ తేడా తెలియాలంటే నా దగ్గరికే రావాలి. రెండు దిక్కులా ఉప్పు తిన్నవాణ్ణి. హుజూరాబాద్ పక్క పల్లె నుంచి హైదరాబాద్ పోయి, దేశమంతా శాఖలున్న ఒక పెద్ద హోటల్‌లో రిసెప్షన్ కౌంటర్ వెనక జుట్టు నెరిసేదాకా నిలబడ్డాను. ఆ తర్వాత ఒక టైమ్‌షేర్ రిసార్టు కంపెనీలో చేరి, ఆ హోటళ్ళ మీదనే యుద్ధం ప్రకటించాను.

హోటల్ వాళ్ళు నన్ను వదల్లేక కన్నీళ్ళు పెట్టుకున్నారని చాలామందికి చెప్పాను. నిజానికి కౌంటర్లో నల్లజుట్టు మొహాలు కావాలన్నారు. ఒక గోడ గడియారం ఇచ్చి, చేతులు పట్టి ఊపి, వెనక గేటు నుంచి పంపారు. ఆ గడియారం ఇప్పటికీ సరిగ్గా నడుస్తుంది. అదొక్కటే వాళ్ళ మీద నాకున్న కోపం. ఆగిపోతే తిట్టుకోవడానికి వీలుండేది.

టైమ్‌షేర్ అంటే ఏమిటో ఒక్క మాటలో చెప్తాను. హైదరాబాద్ శివార్లలో పెద్ద థీమ్ పార్కు ఒకటి లేచింది. జెయింట్ వీలు, నీళ్ళలో జారుడు బండలు, గుహలో పోయే రైలు. దాన్ని ఆనుకుని మా కంపెనీ ఇళ్ళు కట్టింది. ఒక్కో ఇంట్లో రెండు పడక గదులు, ఒక హాలు, ఒక వంటిల్లు. ముందుగా డబ్బు కడితే ఏడాదికి ఒక వారం ఆ ఇల్లు మీది. మిగతా వారాలు ఇంకొకళ్ళవి. మీ వారం ప్రతి ఏడూ వస్తుంది, మీ తర్వాత మీ పిల్లలకు వస్తుంది. ఇంతే. ఈ ఇంతేను ఒక పూటంతా చెప్పగలగడమే మా ఉద్యోగం.

రెండు జిల్లాలకూ నన్ను అధిపతిని చేశారు. కరీంనగర్‌లో ఆఫీసు ఇచ్చారు. ఒక విత్తనాల దుకాణం మీద గది అది. ఏం పట్టుకున్నా పురుగుల మందు వాసన వేసేది. నా కింద సిబ్బంది అంటే ఒకే మనిషి. ఆసిఫాబాద్ ఆయన. ఒకప్పుడు టూరింగ్ టాకీస్ కోసం రిక్షాలో మైకు పట్టుకుని ఊరూరా అరిచినవాడు. తెలుగులో మొదలుపెట్టి, కోపం వస్తే మరాఠీలోకి, బేరం కుదిరితే ఉర్దూలోకి జారిపోయేవాడు. నన్ను భావూ అనేవాడు, మరాఠీలో అన్నా అని. నా కింది ఉద్యోగి అని ఆయనకు ఎన్నడూ అనిపించలేదు. నాకూ అలా అనిపించే ధైర్యం చాలలేదు.

మా పని తీరు ఇది. కొంచెం కలిగిన కుటుంబాలను ఒక ఫంక్షన్ హాలుకు భోజనానికి పిలుస్తాం. వాళ్ళు తింటుండగా ఒక చార్టు విప్పుతాం. ఎడమ వైపు హోటల్, కుడి వైపు మా రిసార్టు. హైదరాబాద్‌లో చదువుకున్న కుర్రవాళ్ళు తయారుచేసిన చార్టు. కుడి వైపు ఈత కొలను ఉంది, వ్యాయామశాల ఉంది, మీ వారాన్ని గోవాలో ఇంకొకరి వారంతో మార్చుకునే సౌకర్యం ఉంది. మొదటి మూడు సభల్లో జనం శ్రద్ధగా విన్నారు, ఇంకా శ్రద్ధగా తిన్నారు, వెళ్ళిపోయారు. చొప్పదండి పెద్దమనిషి ఒకాయన ఈత కొలను బొమ్మ చూసి, మా బాయి ఇంతకంటె లోతుంటది అన్నాడు.

అప్పుడు నాకు హోటల్ కౌంటర్ గుర్తొచ్చింది. మా దిక్కు కుటుంబాలు పట్నానికి వస్తే ఒక్కరో ఇద్దరో రారు. ఇల్లంతా లేచి వస్తుంది. బియ్యం మూట, పచ్చడి జాడీ, కిరసనాయిలు స్టవ్వు తోడొస్తాయి. ఒకసారి పెండ్లి బట్టలకని వచ్చిన కుటుంబం మా హోటల్లో ఒకే గది తీసుకుని, కౌంటర్ దగ్గర ఇద్దరం అని చెప్పి, ఒక్కొక్కరుగా పైకెక్కారు. మధ్యాహ్నం మూడో అంతస్తు వసారా అంతా ఎండు చేపల వాసన. ఏసీ గొట్టాలు దాన్ని ప్రతి గదికీ సమానంగా పంచిపెట్టాయి. నేను పైకి పోయి తలుపు తడితే, స్నానాల గదిలో స్టవ్వు మీద కూర ఉడుకుతోంది. ముసలాయన నన్ను చూసి, కూసో సారూ, తినిపో అన్నాడు. వాళ్ళను బయటికి పంపే పని నాకు పడింది. తిన్నాకే పంపాననుకోండి.

మా జనానికి హోటల్ ఎక్కడ గుచ్చుకుంటుందో నాకు తెలుసు. చార్టు కుడి వైపున్నవన్నీ కొట్టేసి, పెద్ద అక్షరాలతో రెండే రాయించాను. ఒకటి, వంటిల్లు. రెండు, ఆరుగురు పడుకోవచ్చు. ఎడమ వైపు హోటల్ రూళ్ళు రాశాను. వండొద్దు. గదికి ఇద్దరే. చుట్టాలు వస్తే కిందే కూర్చోవాలి.

ఆ తర్వాత సభ చూడాలి మీరు. నేను వంటిల్లు అనగానే హాలు హాలంతా చప్పట్లు. అమ్మకాలు ఎగిరాయి. దక్షిణ భారతంలో నన్ను మించినవాడు లేడన్నారు. అన్నది ఆసిఫాబాద్ ఆయన. ఆయన దక్షిణ భారతం మంచిర్యాల దగ్గర మొదలై సిద్దిపేట దగ్గర అయిపోతుంది. ఒక్క సంగతి మాత్రం మా ఇద్దరి కళ్ళా పడింది. చప్పట్లు మగవాళ్ళవే. ఆడవాళ్ళు కొట్టలేదు. ఎందుకంటావు అని అడిగితే ఆసిఫాబాద్ ఆయన, ఆళ్ళ చేతులకు మటన్ అంటుకొని ఉన్నది భావూ, ఎట్ల కొడ్తరు అన్నాడు. నాకు ఆ సమాధానం చాలా సబబుగా తోచింది. ఇద్దరం కలిసి ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళం మరి.

ఇంతలో హైదరాబాద్ నుంచి ఫోను. మా పై అధికారి నా కొడుకు వయసువాడు. కరీంనగర్ ఆఫీసు ఉంచాలా తీసెయ్యాలా అని పైన ఆలోచిస్తున్నారట. ఇకనుంచి చిల్లర అమ్మకాలు కాదు, ఒకరిని పట్టుకుంటే పదిమంది వెంట రావాలి అన్నాడు. అటువంటి ఇల్లు నా మనసులో ఒకటి ఉంది.

చొప్పదండి దగ్గర పల్లెలో ఒక అవ్వ. పెనిమిటి పోయాడు. ఒక్కడే కొడుకు, గల్ఫ్‌లో ఏసీలు బాగుచేసే పని. రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు మీద వస్తాడు. ఆ ఊర్లో గల్ఫ్ ఇళ్ళు చాలానే ఉన్నాయి, కానీ అవ్వ ఏం కొంటే మిగతావాళ్ళు అదే కొంటారు. ఆమె ఫ్రిజ్ కొన్న నెలలో ఊరంతా ఫ్రిజ్‌లు దిగాయి. ఆమె దాంట్లో బట్టల సబ్బులు పెట్టుకుంది, అది వేరే సంగతి.

కొడుకు సెలవులో ఉన్నాడని తెలిసి మేం పోయాం. ఇల్లు జాతరలా ఉంది. అత్తలు, మేనత్తలు, వాళ్ళ బిడ్డలు, అల్లుళ్ళు. కొడుకు నడుమ కుర్చీలో పెండ్లికొడుకులా కూర్చుని ఉన్నాడు. చుట్టూ మనుషులు. సెంటు సీసాలు, దుప్పట్లు, ఎండు ఖర్జూరాలు పంపకం అయిపోయి చాలా రోజులైనా, చుట్టాలు కదల్లేదు. కోడలు మాత్రం కనిపించలేదు. చాయ గ్లాసుల పళ్ళెం పట్టుకున్న రెండు చేతులు మాత్రం వంటింటి గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాయి.

నేను చార్టు విప్పాను. అవ్వ అంతా విని, ఊకె జూపిస్తవా, పైసల్ దీసుకుంటవా అని అడిగింది. ఒక రాత్రి ఉచితంగా ఉండి చూడొచ్చు, బస్సు కూడా మాదే, కానీ ఒక్క షరతు, దంపతులిద్దరూ తప్పకుండా రావాలి అని చెప్పాను. ఇది కంపెనీ రూలు. భర్త సంతకం పెట్టేటప్పుడు భార్యను అడిగి చెప్తా అని తప్పించుకోకుండా ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెట్టే ఎత్తు. అవ్వ తల ఊపింది. ఇద్దరూ రావాలి అంటే మా దిక్కు అర్థం ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. ఆదివారం పొద్దున బస్సు ఎక్కింది అవ్వ, కొడుకు, కోడలు, నాలుగేళ్ళ మనుమడు, అవ్వ పెద్ద బిడ్డ, ఆమె పెనిమిటి. బియ్యం మూట. కాళ్ళు కట్టేసిన రెండు కోళ్ళు.

కోళ్ళను చూసి డ్రైవర్ ఏదో అనబోతే ఆసిఫాబాద్ ఆయన, నక్కో, ఏమనకు, గవి గూడ మెంబర్లే అన్నాడు.

రిసార్టు చేరాక అవ్వ ఇల్లు చూసిన తీరు నేను ఎన్నటికీ మరవను. కొళాయి తిప్పింది. గ్యాస్ పొయ్యి వెలిగించి ఆర్పింది. గిన్నెల అడుగులు వేలితో కొట్టి చప్పుడు విన్నది. తర్వాత నడి హాల్లో నిలబడి పడకలు పంచింది. ఈ అర్రల నేను, నా బిడ్డ, మనుమడు. గా అర్రల చుట్టాలొస్తె. మొగోళ్ళు హాల్ల పండుకుంటరు. కోడలు పిల్ల నా కాళ్ళకాడ. ఆరుగురు పట్టారు. నా లెక్క నా కళ్ళ ముందు సరిపోతుంటే నాకు గర్వంతో ఛాతీ ఉబ్బింది. చూశావా, ఒక గది ఇంకా ఖాళీ అని ఆసిఫాబాద్ ఆయనకు సైగ కూడా చేశాను.

అవ్వ, బిడ్డ, అల్లుడు, కొడుకు, మనుమడు పార్కులోకి పోయారు. మా ఉపన్యాసం భోజనాల తర్వాత. అవ్వను జెయింట్ వీలు ఎక్కించడానికి ఆసిఫాబాద్ ఆయన వెంట పోయాడు. నేను కాగితాలు సర్దుకుందామని ఆ ఇంటికే వచ్చాను. వంటింట్లో కోడలు ఒక్కతే కోడి కడుగుతోంది. బస్సు దిగినప్పటి నుంచి ఆమె పార్కు మొహం చూడలేదు.

అలవాటు కొద్దీ మర్యాదగా అడిగాను, వంటిల్లు బాగుందామ్మా అని. ఇంట్ల పొయ్యి ఇక్కడికొచ్చింది, గంతే సారూ అన్నది. కోపంగా కాదు. బియ్యం కడిగిన నీళ్ళు వంపుతూ, గింజలు జారకుండా చెయ్యి అడ్డం పెట్టి.

నీళ్ళు వంపేశాక ఆమే అడిగింది. మీరు పెద్ద హోటల్ల పనిజేసిండ్రట గదా, గా హోటల్ల ఆరుగురు వస్తె ఏం జేస్తరు సారూ?

హోటళ్ళను తిట్టే అవకాశం దొరికింది కదా అని నేను విజృంభించాను. గదికి ఇద్దరేనమ్మా, మూడో మనిషి వస్తే కౌంటర్లోనే ఆపేస్తారు అన్నాను. ఆమె చేతులు ఆగాయి. వండుకోనిస్తారా అనడిగింది. అగ్గిపుల్ల గీయనివ్వరన్నాను. మరి తిండి? ఫోను చేస్తే గదికే తెస్తారు, తిన్నాక గిన్నెలు వాళ్ళే తీసుకుపోతారు. చుట్టాలు వస్తే? కింద సోఫాల్లో కూర్చోబెట్టి కబురు పంపుతారు, మీరు రామంటే అట్నుంచటే పంపించేస్తారు. తలుపు లోపలి నుంచి గొళ్ళెం పెట్టుకుని, బయట ఒక అట్ట ముక్క తగిలిస్తే ఎవ్వరూ తట్టరు కూడా.

నేను ఒక్కో రూలూ రాయిలా విసురుతున్నాననుకున్నాను. ఆమె ఒక్కోదాన్నీ పువ్వులా ఏరుకుంటోంది. అట్ట ముక్క దగ్గరికొచ్చేసరికి ఆ పిల్ల మొహం చూసి నా నోరు దానంతటదే మూతపడింది. నా జీవితంలో అది అరుదు.

ఆమె కోడి గిన్నె పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని చెప్పింది.

"ఆయన వచ్చి నెలన్నర దాటింది సారూ. వచ్చే అయితారం మల్ల పోతడు. పోతె రెండేండ్లు. ఇప్పటిదాంక మేమిద్దరం కూసొని ఒక్క ముచ్చట పెట్టుకోలే. ఆయనకేం కూర ఇష్టమో నాకెర్కనే. ఆయన అక్కడ ఎట్లుంటుండో, ఏం పరేషానున్నదో నాకెర్క లేదు. అడుగుదామంటె జాగ లేదు."

నేనేం చేయగలనమ్మా అన్నాను.

"నేను చెప్తె అత్తకు ఎదురు చెప్పినట్టయితది. ఆయన చెప్తె పెండ్లం మాటిన్నట్టయితది. రూలంటె ఎవ్వరి తప్పు గాదు. గా ముచ్చట మా అత్తమ్మ ముంగట మీరు చెప్పుండ్రి."

బయట మనుమడి కేకలు వినబడ్డాయి. ఆమె మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది.

భోజనాలయ్యాయి. ఆ కోడి కూర అంత రుచైన కూర నేను ఏ హోటల్లోనూ తినలేదు, ఇందులో పొల్లు లేదు. హాల్లో బల్ల చుట్టూ అందరం కూర్చున్నాం. అవ్వ జెయింట్ వీలు ఎక్కి దిగిన ఉత్సాహంలో ఉంది. పైనుంచి చూస్తే మనుషులంతా జొన్నగింజలంత కనవడ్డరు అని బిడ్డతో చెబుతోంది. సంతకానికి కాగితాలు సిద్ధం. ఆసిఫాబాద్ ఆయన పెన్ను మూత తీసి పెట్టాడు. ఈ ఒక్క బేరం తెగితే ఆ ఊరు మొత్తం తెగుతుంది, కరీంనగర్ ఆఫీసు నిలుస్తుంది.

కోడలు గుమ్మం దగ్గర కింద కూర్చుంది. నన్ను చూడలేదు. నేల మీద చాప పోగులు లాగుతోంది.

నేను చార్టు విప్పి కుడి వైపు మొదలుపెట్టాలి. ఎడమ వైపు మొదలుపెట్టాను.

అవ్వా, కొనేముందు హోటల్ సంగతి కూడా తెలుసుకోవాలి కదా అన్నాను. ఇక చూసుకోండి. నా బతుకులో చెప్పిన అన్ని గొప్పలూ ఆ పూటకు సాధన కోసమే చెప్పాననిపించింది. ఆ హోటల్లో ఇద్దరికి మించి ఈగ కూడా లోపలికి పోదన్నాను. మూడో మనిషి వస్తే గేటు దగ్గర తలపాగా కట్టిన ఆరడుగుల జవాను ఆపేస్తాడన్నాను. తల్లైనా సరే, అత్తైనా సరే, మంత్రి గారి బామ్మర్దైనా సరే. మొగుడూ పెళ్ళాలకు తప్ప ఇవ్వని గదులు వేరే ఉంటాయన్నాను. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్ళకు పాస్‌పోర్టు చూపిస్తే అద్దెలో తగ్గింపు కూడా ఉంటుందన్నాను. ఈ ఆఖరిది నోట్లోంచి వచ్చాక నాకే ఆశ్చర్యం వేసింది.

బల్ల కింద ఆసిఫాబాద్ ఆయన బూటు నా కాలి వేళ్ళ మీద పడింది. నేను ఆపకపోయేసరికి అక్కడే ఉండిపోయింది.

అవ్వ నా మొహంలోకి చూసింది. అదేంది సారూ, మొన్న మా ఇంట్ల హోటల్ పాడు అన్నవు, ఇయ్యాల బాగంటున్నవు అన్నది. పాడే అవ్వా, ఆరుగురికి పాడే అన్నాను. ఆమె కాగితాల మీద అరచెయ్యి పెట్టి కొంచెం ఆలోచించింది. ఆమె బుర్ర పదునుకు మా హైదరాబాద్ కుర్రవాళ్ళు పనికిరారు. ఏడాదికోపారి వారం అంటున్నవు, నా కొడుకు రెండేండ్లకోపారి వస్తడు, నడిమి ఏడాది గీ ఇల్లు ఎవని కోసం అని అడిగింది. మా చార్టులో ఈ ప్రశ్నకు గడి లేదు.

అయినా ఆమెకు ఆశ చావలేదు. "ఏదేమైనా అందరం ఒక్కకాడుంటం గదా. నా కొడుకు ఆడ ఒక్కడే ఉండి ఉండి వచ్చిండు. ఈడ పదిమందిల ఉండనీ."

అప్పటిదాకా నోరు విప్పని కొడుకు తల ఎత్తాడు. తల్లి మీద కోపం లేదు ఆ గొంతులో. ఏదో వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

"నేనాడ ఒక్కన్ని ఉంటలేనవ్వా. ఒక్క అర్రల ఎనిమిది మందిమి పండుకుంటం. మంచం మీద మంచం. పన్నెండేండ్ల సంది నేను తలుపేసుకొని పండుకున్నదే లేదు."

పక్కన పార్కులో గుహ రైలు కూత వినిపించింది. కొడుకు గదికి ఒక్కడే ఉంటాడనీ, ఆ ఏసీల చల్లదనంలో దొరలా పడుకుంటాడనీ అవ్వ ఊరంతా చెప్పుకున్నదట. కొడుకు ఉత్తరాల్లో కాదనలేదు.

అవ్వ కొడుకును చూసింది. తర్వాత మెల్లగా తల తిప్పి గుమ్మం దగ్గరున్న కోడలిని చూసింది. చాప పోగులు లాగే చెయ్యి ఆగిపోయింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపుతో నేను చెప్పిన తలపాగా జవాను కరిగి నీరైపోయాడు.

"గేటుకాడ గంత పెద్ద మనిషి నిలవడ్తడా సారూ?"

నిలబడతాడవ్వా అన్నాను.

"నన్ను గూడ పోనియ్యడా?"

"రూలవ్వా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకుని నేను బెదిరిపోయాను. నవ్వుతోంది.

"గీ రూలు నా పెండ్లయిన కొత్తల ఎవడన్న పెడితె నేను గూడ బతుకుదును. మా అత్త మా ఇద్దరి నడిమి దీపం పెట్టుకొని పండుకునేది."

పెద్ద బిడ్డ, అవ్వా అని గదమాయించింది. అవ్వ ఆమెను పట్టించుకోలేదు. కాగితాలు నా వైపు నెట్టింది. సంతకం లేదు, గింతకం లేదు, గని మేం వచ్చింది ఉత్తగ పోవద్దు, గీ ఇంట్ల మాకు ఇంకో మూడు దినాలియ్యి, నేను, నా బిడ్డ, అల్లుడు, పోరడు ఉంటం, నేను గా రైలు ఎక్కలే ఇంకా అన్నది. మరి వీళ్ళు అని నేను కొడుకు, కోడళ్ళ వైపు చూపించాను. ఆళ్ళను గా జవాను దగ్గరికి తోల్కపో అన్నది. మనుమణ్ణి ఒళ్ళోకి లాక్కుని, వీడు నా దగ్గర పంటడు, ఫికర్ జెయ్యకు అని కోడలితో చెప్పింది. అంత సేపట్లో కోడలితో ఆమె మాట్లాడింది ఆ ఒక్క మాటే.

ఆ తర్వాత నేను కాగితాలు చింపి పై అధికారి మొహాన కొట్టి, ఒక ఆడబిడ్డ సంతోషం కంటే నాకు ఉద్యోగం ఎక్కువ కాదని బయటికి నడిచానని మా మనుమలకు చెప్పాను. వాళ్ళు నమ్మారు. నిజం ఏమిటంటే, మూడు రోజుల ఉచిత బస మంజూరు చేయించుకోవడానికి ఆ కుర్రాడికి ఫోన్లో, ఇంకా ఆలోచనలో ఉన్నారు సార్, చాలా ఆసక్తి చూపిస్తున్నారు సార్ అని చెప్పాను. నన్ను ఎవరూ తీసెయ్యలేదు. కరీంనగర్ ఆఫీసు ఇంకో ఏడాది నడిచింది. విత్తనాల దుకాణం ఆయన గది కావాలన్నాక మూతపడింది. ఆసిఫాబాద్ ఆయన మళ్ళీ మైకు పట్టుకుని ఎన్నికల ప్రచారానికి పోయాడు. నా కాలి బొటనవేలి గోరు మాత్రం ఆయన గుర్తుగా ఇప్పటికీ వంకరే.

రూళ్ళ సంగతి కూడా చెప్పాలి. మా హోటల్లో గదికి మూడో మనిషిని ఎప్పుడూ రానిచ్చేవాళ్ళం. అదనపు పరుపు వేసి, దానికి వేరే డబ్బు తీసుకునేవాళ్ళం. ఎన్ని పరుపులు నేనే మోయించానో. గేటు దగ్గర జవాను ఉన్నాడు కానీ ఆరడుగులు కాదు, తలపాగాతో కలిపితే అయిదున్నర ఉంటాడేమో. పాస్‌పోర్టు తగ్గింపు అన్నది అసలే లేదు. పాత సిబ్బందికి ఇచ్చే తగ్గింపు నాకు అప్పటికింకా చెల్లుబాటయ్యేది, దాన్ని వాళ్ళకు ఇప్పించాను. వంట, తిండి సంగతి పక్కన పెడితే, నేను చెప్పిన వాటిలో అక్షరాలా నిజమైంది ఆ అట్ట ముక్క ఒక్కటే.

ఆ సాయంత్రం ఇద్దరినీ ఆటోలో నేనే తీసుకుపోయాను. దారి పొడుగునా వాళ్ళు మాట్లాడుకోలేదు. ఆమె ఒడిలో చిన్న సంచీ, ఆయన చూపు రోడ్డు మీద. ఇంత చేసి వీళ్ళకు మాటలు రాకపోతే ఎట్లా అని నాకు కంగారు. అద్దాల తలుపు దగ్గర ఆమె చెప్పులు విప్పబోయింది. వద్దని చెప్పాను. చల్లగాలి మొహానికి తగిలి కళ్ళు మూసి తెరిచింది.

కౌంటర్లో నా జాగాలోకి వచ్చిన నల్లజుట్టు కుర్రాడున్నాడు. నన్ను గుర్తుపట్టి నవ్వి, పెద్ద పుస్తకం తెరిచి, తల ఎత్తకుండానే అలవాటైన ప్రశ్న అడిగాడు. ఎంతమంది?

ఆయన నోరు తెరిచేలోపే ఆమె చెప్పింది.

"ఇద్దరమే."

కుర్రాడు రాసుకుని తాళం చెవి తీయడానికి వెనక్కి తిరిగాడు. ఇంకెవరూ ఏమీ అడగలేదు. ఆమె కౌంటర్ మీద చెయ్యి ఆనించి, ఈసారి కొంచెం నెమ్మదిగా, ఆ మాట తనకే చెప్పుకుంటున్నట్టు మళ్ళీ అన్నది.

"ఇద్దరమే."